గుడారాల మీద అర్జీకి ముందు ఒక పాత కథ

ఈసారి పోస్టు బాగా పొడుగు. తీరిగ్గా చదవండి, కానీ ఆదివారం మీటింగు లోపల చదవండి. నా బడి చదువంతా అరక్కోణంలో తమిళ మీడియంలో సాగింది. తెలుగు అక్షరాలు ఉద్యోగంలో చేరాక నేర్చుకున్నవి. తప్పులుంటే ఎప్పటిలాగే సర్దుకోండి.

విషయం మీకు తెలిసిందే. మన హాలు వెనక ఖాళీ జాగాలో నెల రోజులుగా పదకొండు గుడారాలున్నాయి. హాలు నీళ్ళ మోటారు పోయింది. ట్యూషన్ నుంచి వచ్చే ఆడపిల్లలు ఆ దారిన నడవడానికి భయపడుతున్నారని తల్లులు చెప్పారు. పొద్దున లేస్తే కాలవ గట్టు మీద మరుగు లేదు, వాసన భరించలేం. ఇవేవీ అబద్ధాలు కావు. అందుకని కార్పొరేషన్‌కు అర్జీ పెడదామన్నారు. జీవితమంతా రైల్వేలో కాగితాలు రాసినవాణ్ణని ఆ పని నాకు అప్పజెప్పారు.

రాశాను. గంటలో అయిపోయింది. మళ్ళీ చదువుకుంటే ఒక మాట దగ్గర ఆగిపోయాను: "నేర స్వభావం గల సంచార జాతి వారు". అలా రాయమని మీలో ఎవరూ చెప్పలేదు. నా చేతికి అలవాటుగా వచ్చేసింది. ఆ మాటకు 150 ఏళ్ళ చరిత్ర ఉంది. అందులో మన తెలుగు దేశానికి భాగముంది, నాకు అన్నం పెట్టిన రైలుకు భాగముంది, నా సొంత భాగం కూడా కొంత ఉంది. అది చెప్పాక సంతకాల సంగతి మాట్లాడతాను.

గురువారం సాయంత్రం నేను ఆ గుడారాల దగ్గరికి వెళ్ళాను. పెద్దాయన ఒకాయన మరాఠీలో మాట్లాడాడు. కైకాడీలమన్నాడు. బుట్టలు, తట్టలు అల్లుతారు. రాజురా వైపు నుంచి వచ్చారు. పక్కన ఆయన భార్య కోడలితో తమ భాషలో ఏదో అంటోంది. అది నాకు సగం అర్థమైంది! నీళ్ళకు వాళ్ళన్న మాట మా అరక్కోణం 'తణ్ణి'కి దగ్గరగా ఉంది. నేను తమిళంలో ఒక మాటంటే ఆవిడ నోటికి కొంగు అడ్డం పెట్టుకుని నవ్వింది.

ఇందులో వింతేమీ లేదు. తమిళనాడులో కురవర్ అన్నా, ఆంధ్రలో ఎరుకల అన్నా, మహారాష్ట్రలో కైకాడీ అన్నా దగ్గరి చుట్టాలే. ఎరుకల వాళ్ళు ఇళ్ళలో మాట్లాడుకునే భాష కూడా తమిళానికి చుట్టమే. ఎరుక చెప్పే అవ్వ మీలో చాలామందికి చిన్నప్పటి జ్ఞాపకం అయి ఉంటుంది. బుట్ట పట్టుకుని వాకిట్లోకి వస్తే అమ్మ చేట నిండా బియ్యం పోసి చెయ్యి చాపేది. ఆవిడ చుట్టాలే మన హాలు వెనక ఉన్నారు.

వాళ్ళు ఎందుకు తిరుగుతారు? తిరగడం వాళ్ళ జబ్బు కాదు, వాళ్ళ వ్యాపారం. ఎరుకల వాళ్ళలో ఉప్పు ఎరుకల అని ఒక శాఖ ఉంది. సముద్రపు ఒడ్డున ఉప్పు కొని, ఎద్దుల మీద, గాడిదల మీద వేసుకుని లోపలి ఊళ్ళకు తెచ్చి అమ్మేవాళ్ళు. తిరుగు దారిలో ధాన్యం తీసుకుపోయేవాళ్ళు. కరివేపాకు ఎరుకల, వెదురు బద్దలతో బుట్టలల్లే దబ్బ ఎరుకల, సాలెవాళ్ళకు కుంచెలు చేసి ఇచ్చే కుంచె ఎరుకల, ఇలా ఒక్కొక్కరిది ఒక్కో సరుకు. వాళ్ళు ఏడాదికి ఒకసారి రాకపోతే లోపలి పల్లెల్లో కూరలో ఉప్పు ఉండేది కాదు. ఊరి బయట వాళ్ళు దిగితే జనం భయపడేవాళ్ళు కాదు, ఎదురు చూసేవాళ్ళు.

ఆ తర్వాత రైలొచ్చింది. 1856లో రాయపురం నుంచి వాలాజా రోడ్డుకు దక్షిణాదిలో మొదటి రైలు నడిచింది. 1899కల్లా మద్రాసు నుంచి నెల్లూరు మీదుగా బెజవాడ దాకా పట్టాలు కలిశాయి. వంద ఎద్దుల మీద వచ్చే ఉప్పు గూడ్సు బండిలో ఒక మూలకు సరిపోతుంది. గూడ్స్ షెడ్డులో వే-బిల్లులు రాసినవాణ్ణి, ఈ లెక్క నాకు ఎవరూ చెప్పనక్కరలేదు. ఇంకోపక్క 1876-78 కరువు పశువుల్ని మింగింది. 1882 అడవి చట్టంతో వెదురు కొట్టాలన్నా, ఎద్దుల్ని మేపాలన్నా అనుమతి కావలసి వచ్చింది. రెండు మూడు తరాల్లో వ్యాపారులు కాస్తా పని లేకుండా తిరిగేవాళ్ళుగా మిగిలారు. వాళ్ళలో కొందరు దొంగతనాలకు దిగలేదని నేను అనను. దిగారు. ఏ జాతి కడుపు మాడినా కొందరు దిగుతారు.

దానికి సర్కారు చేసిన మందు క్రిమినల్ ట్రైబ్స్ యాక్ట్. మొదట 1871లో ఉత్తరాదికి పెట్టారు. 1911లో కొత్త చట్టం చేసి మద్రాసు రాజధానికీ వర్తింపజేశారు. ఈ చట్టంలో దొంగను పట్టుకుని శిక్షించరు, జాతి మొత్తాన్ని రిజిస్టరులో రాస్తారు. వేలిముద్రలు తీసుకుంటారు, వేళకు హాజరు చెప్పమంటారు. అనుమతి చీటీ లేకుండా ఊరు దాటితే అదే నేరం. చెట్టు కింద పుట్టిన పసిపిల్లవాడు కూడా పెరిగేసరికి రిజిస్టరు వాడే.

మరి వీళ్ళు ఎక్కడ ఉండాలి అన్న ప్రశ్న అప్పుడూ వచ్చింది. సర్కారు చెప్పిన జవాబు 'సెటిల్‌మెంట్'. బాపట్ల, చీరాల మధ్య 1913-14 ప్రాంతంలో సాల్వేషన్ ఆర్మీ మిషనరీల చేతికి ఒకటి అప్పగించారు. మద్రాసు గవర్నరు కౌన్సిల్ మెంబరు హెరాల్డ్ స్టూవర్ట్ పేరు పెట్టారు. అదే స్టూవర్టుపురం. కావలిలో అమెరికన్ బాప్టిస్టులకు ఒకటి ఇచ్చారు. కృష్ణ అవతలి ఒడ్డున సీతానగరంలో ఇంకొకటి. పొలం ఇచ్చారు, బడి పెట్టారు, చీరాల ఐ.ఎల్.టి.డి. పొగాకు కంపెనీలో పని చూపించారు. ఇవన్నీ మంచివే. కానీ వాటితోపాటు హాజరు పట్టీ కూడా ఇచ్చారు. మా ఆఫీసులో హాజరు పట్టీలో సంతకం పెడితే జీతం వచ్చేది. వాళ్ళ పట్టీలో పేరు తప్పితే జైలు వచ్చేది.

మనవైపు షోలాపూర్‌లో ఇంకా పెద్ద సెటిల్‌మెంట్ ఉండేది. ముళ్ళ కంచె లోపల కైకాడీలను, మరికొన్ని జాతులవాళ్ళను ఉంచి బట్టల మిల్లుల్లో పనికి పంపేవారు. ఆ పేటను ఈ రోజుకీ సెటిల్‌మెంట్ అనే పిలుస్తారు.

ఇప్పుడు మన ప్రశ్నకే వస్తాను. దీనివల్ల జనానికి భద్రత వచ్చిందా? ఆలోచించండి. ఒక ఊళ్ళో దొంగతనం జరిగింది. పోలీసు దగ్గర జాతి పేరు రాసిన రిజిస్టరు ఉంది. ఎవర్ని పట్టుకుంటాడు? దగ్గర్లో ఉన్న సెటిల్‌మెంటు వాళ్ళను పట్టుకుంటాడు. కేసు మూసేస్తాడు. అసలు దొంగ బయట హాయిగా ఉంటాడు. సొమ్ము పోయినవాడికి సొమ్ము రాదు, పట్టుబడినవాడికి పరువు ఉండదు. ఇలా నలభై ఏళ్ళు నడిచింది.

స్వాతంత్ర్యం వచ్చాక మన తిరుపతి వైపు పెద్దమనిషి అనంతశయనం అయ్యంగారు అధ్యక్షుడిగా ఒక కమిటీ వేశారు. ఈ చట్టం ఉండకూడదని కమిటీ చెప్పింది. నెల్లూరు వెన్నెలకంటి రాఘవయ్య గారు యానాదుల కోసం, ఇలాంటి జాతుల కోసం ఏళ్ళ తరబడి పోరాడారు. చివరికి 1952 ఆగస్టు 31న దేశమంతటా చట్టం రద్దయింది. వాళ్ళకు స్వాతంత్ర్యం మనకంటే అయిదేళ్ళ పదహారు రోజులు లేటు. రైలు లేటైతే మనం స్టేషన్ మాస్టరు మీద ఎగురుతాం!

చట్టం పోయింది కానీ పేరు పోలేదు. స్టూవర్టుపురం పేరు చెబితే మనకు ఏం గుర్తొస్తుంది? సినిమాలు. 1991లో 'స్టూవర్టుపురం పోలీస్‌స్టేషన్', మొన్న 2023లో 'టైగర్ నాగేశ్వరరావు'. అదే ఊరికి 1970ల నుంచి జాషువా గారి కూతురు హేమలతా లవణం, గోరా గారి కొడుకు లవణం గార్లు వెళ్ళి, దొంగతనాలు మానిపించి, కుటుంబాలతో కలిసి పనిచేశారు. వాళ్ళ పేర్లు మన పిల్లల్లో ఎందరికి తెలుసు? మద్రాసు నుంచి ఇటు వచ్చే జి.టి. ఎక్స్‌ప్రెస్ ఆ స్టూవర్టుపురం స్టేషన్ మీదుగానే వస్తుంది. నేను ఎన్నిసార్లు ఆ బోర్డు చూసి ఉంటానో లెక్కలేదు. చూసినప్పుడల్లా చెయ్యి సూట్‌కేసు మీదకు పోయేది. ఒక్కసారి కూడా అక్కడ నా వస్తువు పోలేదు.

ఇక నా సొంత భాగం. 1990ల్లో, నేను పనిచేసిన ఒక స్టేషన్‌లో, యార్డు పక్కన రైల్వే స్థలంలో పద్నాలుగు గుడిసెలుండేవి. ఖాళీ చేయించమని పైనుంచి కాగితం వచ్చింది. జాబితా టైపు చేసింది నేను. పేరు, తండ్రి పేరు, గుడిసె కొలత. వాళ్ళ భాష నాకు కొంచెం తెలుస్తుందని ఇన్‌స్పెక్టరు గారు నన్ను వెంట తీసుకెళ్ళారు. ఒక ముసలామె నా చెయ్యి పట్టుకుని ఎక్కడికి పోవాలని అడిగింది. "ఆఫీసులో అడగమ్మా" అన్నాను. ఆఫీసు నుంచి వెళ్ళినవాణ్ణి నేనే. వర్షాకాలం. మూడో రోజుకు గుడిసెలు లేవు. నేను చేసింది రూలు ప్రకారం తప్పు కాదు. రైలు పట్టాల పక్కన పిల్లలు ఆడుకోవడం ప్రమాదమే, అది కూడా నిజం. కానీ ఆమె అడిగినదానికి ఆ ఫైలులో జవాబు లేదు. ఎక్కడ ఉండకూడదో రాసి ఉంది. ఎక్కడ ఉండాలో రాయడానికి కాలమ్ లేదు.

ఈ కాలమ్ సంగతి సుప్రీంకోర్టుకు ఎప్పుడో వెళ్ళింది. 1981 జులైలో బొంబాయిలో ఫుట్‌పాత్ మీద ఉండేవాళ్ళను ఎత్తేసి సొంత ఊళ్ళకు పంపేస్తామని అప్పటి ముఖ్యమంత్రి అంతులే ప్రకటించారు. అలా బస్సెక్కించినవాళ్ళలో మా తమిళనాడు సేలం నుంచి వచ్చిన ఒక కూలీ ఉన్నాడు. ఊళ్ళో కరువుకు పని లేక 1961లో బొంబాయి వచ్చాడు. కెమికల్ కంపెనీలో రోజుకు 23 రూపాయల కూలి. హైవే పక్కన ప్లాస్టిక్ గుడిసె, అందులో భార్య, ముగ్గురు ఆడపిల్లలు. ఆ గుడిసె కోసం అతను ఒక దాదాకు 2,500 రూపాయలు ఇచ్చుకున్నాడు. ఊరికే ఉంటున్నారని మనం అంటాం కదా! కుటుంబాన్ని సేలంకు పంపేశారు. అతను మళ్ళీ పని వెతుక్కుంటూ బొంబాయికే తిరిగొచ్చాడు. ఎందుకంటే పని అక్కడే ఉంది.

ఆ కేసు ఓల్గా టెలిస్ కేసని పేరు పడింది. 1985 జులై 10న చీఫ్ జస్టిస్ వై.వి. చంద్రచూడ్ ధర్మాసనం తీర్పు ఇచ్చింది. బతుకుతెరువు కూడా జీవించే హక్కులో భాగమని చెప్పింది. అలాగని ఫుట్‌పాత్ మీద ఇల్లు కట్టుకునే హక్కు ఉందని చెప్పలేదు. నోటీసు ఇవ్వాలి, వాళ్ళ మాట వినాలి, వానలు పోయేదాకా అక్టోబరు 31 వరకు ఆగాలి అంది. చాలామంది ఆ తీర్పును ఒక వైపే చదువుతారు. రెండు వైపులా చదవాలి. జాగా వాళ్ళది కాదు. కానీ వాళ్ళను చెత్తలాగా ఊడ్చెయ్యడానికీ లేదు.

తర్వాత 2010లో ఢిల్లీ చలిలో జరిగిన ఒక కూల్చివేత మీద సుప్రీంకోర్టు మళ్ళీ కలుగజేసుకుంది. అప్పటి నుంచి లెక్క ఏమిటంటే, నగరంలో లక్ష జనాభాకు వందమంది పట్టే ఆశ్రయం ఒకటి ఉండాలి. 2011 జనగణనలో మన చంద్రపూర్ జనాభా 3 లక్షల 20 వేలు. అంటే ఆ లెక్కన మూడు ఉండాలి. అదే జనగణనలో దేశం మొత్తం మీద ఇల్లు లేనివాళ్ళు 17 లక్షల 70 వేలకు పైగా తేలారు. ఫిబ్రవరి 28 రాత్రి ప్లాట్‌ఫారాల మీద, గుళ్ళ దగ్గర, సిమెంటు పైపుల్లో వెతికి లెక్కపెట్టారు.

అయితే నైట్ షెల్టరు ఒంటరి మనిషికి పనికొస్తుంది. పదకొండు కుటుంబాలు, బుట్టల కట్టలు, గాడిదలు, పసిపిల్లలు అందులో పట్టరు. వాళ్ళకు కావలసింది మంచం కాదు, నాలుగు గుంటల జాగా. ప్రభుత్వం దగ్గర దానికీ పథకం ఉంది. 2011 చివర్లో మహారాష్ట్ర విముక్త, సంచార జాతుల కోసం యశ్వంతరావ్ చవాన్ ముక్త వసాహత్ యోజన పెట్టింది. కుటుంబానికి 5 గుంటల స్థలం, 269 చదరపు అడుగుల ఇల్లు. ఎస్.సి.లకైతే రమాయి ఆవాస్ యోజన ఉంది.

ఇక్కడొక తమాషా చూడండి. మన చంద్రపూర్ జిల్లాలో కైకాడీలు ఎస్.సి. జాబితాలో ఉన్నారు. కానీ రాజురా తాలూకాలో కారు. ఎందుకు? రాజురా 1956 దాకా హైదరాబాద్ రాష్ట్రంలో, మన ఆదిలాబాద్ జిల్లాలో ఉండేది. రాష్ట్రాలు మారాయి, జాబితాలో గీత మాత్రం అలాగే ఉండిపోయింది. వార్ధా నది ఈ ఒడ్డున ఎస్.సి., ఆ ఒడ్డున విముక్త జాతి, ఆంధ్ర, తెలంగాణల్లో ఎరుకల అయితే ఎస్.టి. అవే బుట్టలు, అవే గాడిదలు, అదే భాష. సర్టిఫికెట్టు మాత్రం నది దాటితే మారిపోతుంది.

ఆ సర్టిఫికెట్టు తెచ్చుకోవాలన్నా కాగితం కావాలి. ఎస్.సి. అయితే 1950 ఆగస్టు 10 నాటికి, విముక్త జాతి అయితే 1961 నవంబరు 21 నాటికి తాత తండ్రులు ఇక్కడే ఉన్నట్టు చూపాలి. ఈ తారీకులు మీలో ఎంతమందికి కంఠతా వచ్చో నాకు తెలుసు! కరీంనగర్ నుంచి బొగ్గు గనులకు వచ్చిన తాత పేరు ఏ రిజిస్టరులో ఉందోనని మన పిల్లల కోసం మనం తిరగని ఆఫీసు లేదు. మనకు కనీసం గని టోకెను, రేషన్ కార్డు, బడి టి.సి. అన్నా ఉన్నాయి. చెట్టు కింద పుట్టినవాడు 1950 కాగితం ఎక్కడి నుంచి తెస్తాడు? వాళ్ళ తాతల పేర్లు రాసిపెట్టిన సర్కారు పుస్తకం ఏదైనా ఉంటే, అది నేరస్తుల రిజిస్టరే అయి ఉంటుంది.

ఇంకొక్క మాట చెప్పి ముగిస్తాను. ప్రతి చైత్రంలో మహాకాళి జాతరకు నాందేడ్ వైపు నుంచి, తెలంగాణ నుంచి వేలమంది వస్తారు. ఝర్పట్ ఒడ్డున అక్కడే గుడ్డ కట్టుకుని, అక్కడే వండుకుని, అక్కడే పడుకుంటారు. మన సంఘమే చలివేంద్రం పెడుతుంది. అప్పుడు తాత్కాలికంగా నల్లాలు వస్తాయి, మరుగుదొడ్లు వస్తాయి, లైట్లు వస్తాయి, పోలీసులు వస్తారు. గుడారాలంటే మనకు భయం లేదన్నమాట. నీళ్ళు, దొడ్డి, దీపం లేని గుడారాలంటే భయం. అవి పెడితే చీకటి దారిలో మన ఆడపిల్లల భయం తగ్గుతుంది. ఆ గుడారాల్లోని ఆడపిల్లలకు మన పిల్లలకంటే ఎక్కువ భయం ఉందని వాళ్ళ తల్లి నాతో చెప్పింది. రాత్రి తాగి వచ్చి టార్చి కొట్టేవాళ్ళు గుడారాల వాళ్ళు కారట, మన రోడ్డువాళ్ళేనట.

కాబట్టి నేను రెండో అర్జీ రాశాను. అందులో ఇవి ఉన్నాయి:

ఒకటి, మోటారు దొంగతనం మీద విడిగా పోలీసు ఫిర్యాదు. వస్తువు, తేదీ, విలువ రాస్తాం. జాతి పేరు రాయం. ఎవరు తీశారో తేల్చడం పోలీసుల పని.

రెండు, ఆ జాగా దగ్గర వెంటనే ఒక నల్లా, మొబైల్ టాయిలెట్, హాలు మలుపులో వీధి దీపం.

మూడు, తహసీల్ ఆఫీసు వాళ్ళు వచ్చి ఆ కుటుంబాల సర్వే చేసి, విచారణ మీద కుల ధృవీకరణ పత్రాలు ఇప్పించాలి. ఏ పథకం కిందకు వస్తే దాని కింద స్థలం చూపించాలి. కాగితాలు నింపే పని నేను ఉచితంగా చేస్తాను. నాతో ఇద్దరు కుర్రాళ్ళు వస్తే చాలు.

నాలుగు, స్థలం చూపించాకే ఈ జాగా ఖాళీ చేయించాలి. అదీ నోటీసు ఇచ్చి, వానల్లో కాకుండా.

ఇది ఆలస్యమయ్యే దారే. ప్రెసిడెంట్ గారు ఫోనులో అన్నట్టు, ఈలోగా ఇంకో మోటారు పోతే ఎవరిది బాధ్యత అని మీరు అడగొచ్చు. న్యాయమైన ప్రశ్నే. హాలుకు గ్రిల్లు, తాళం పెట్టిద్దాం, నా వంతు చందా రెండు వేలు. కానీ మొదటి అర్జీ ఇస్తే ఏమవుతుందో కూడా చెప్పాలి. జె.సి.బి. వస్తుంది. గుడారాలు ఇక్కడి నుంచి లేచి ఇంకో కాలనీ వెనక పడతాయి. ఆ కాలనీ వాళ్ళు ఇలాంటి అర్జీయే రాస్తారు. ఏ గుమాస్తా చేతికైనా అదే మాట వస్తుంది.

ఆదివారం రెండు అర్జీలూ తెస్తాను. ఏది పంపాలో సంఘం నిర్ణయం, మెజారిటీకి నేను కట్టుబడతాను. మొదటిది పంపాలని నిర్ణయిస్తే ఫెయిర్ కాపీ కూడా నేనే తీసి ఇస్తాను, ఆ ఒక్క మాట కొట్టేసి. దాని కింద నా సంతకం మాత్రం అడగకండి. ముప్పై ఏళ్ళ కింద ఒకసారి పెట్టాను, చాలు.

సెలవు. మీటింగు సాయంత్రం అయిదున్నరకు. హాలు వెనక దారినే రండి.